దిగమనేదాకా దిగొద్దన్న మత్తయి

దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపులో నిలబడి మత్తయి పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు. ఆంధ్రావాళ్ల బండి అని కావాలనే ముందు కమాను వంకరగా బిగించి పంపాడట. చెప్పేవాళ్లలో సగం మంది మెచ్చుకుంటూ చెబుతారు, సగం మంది పళ్లు కొరుకుతూ చెబుతారు. రెండూ తప్పే. తాగి చేశాడని మూడో మాట కూడా ఈమధ్య నా చెవిన పడింది. మత్తయి తాగడు. పెళ్లికి వెళ్లినా కల్లు ముంత పక్కవాడికి జరిపేసి బూందీ రెండోసారి అడిగే మనిషి.

అసలేం జరిగిందో నేను చూశాను. చూడడమే కాదు, అందులో నా వంతు కూడా ఉంది. అందుకే రెండేళ్లు నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడడం ఎంత అరుదో మా హోటల్లో చాయ్ తాగేవాళ్లను అడిగితే చెబుతారు.

హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. బెజవాడ రోడ్డు మీద నాలుగు బెంచీలు, రెండు పొయ్యిలు, ఒక తడక గోడ. ఆ తడకకు అవతల మత్తయి రేకుల షెడ్డు. తడక కన్నంలోంచి చాయ్ గ్లాసు అటు ఇస్తాను, ఖాళీ గ్లాసు ఇటు వస్తుంది. పదకొండేళ్లు అలాగే గడిచింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. నోటితో ఎలా చెబుతానో అలాగే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మత్తయిది భువనగిరి అవతల ఒక పల్లె. వాళ్ల నాయన అక్కడి చర్చిలో గంట కొట్టేవాడు. మత్తయికి మీసాలు రాకముందే సికింద్రాబాదులో ఒక లారీల షెడ్డులో చేరాడు. అక్కడ కమాన్ల పని నేర్చుకున్నాడు. కమాను అంటే చక్రం మీద బండిని మోసే ఇనుప పట్టీల కట్ట. దానికి తోడు షాకబ్సర్లని నూనె గొట్టాలుంటాయి. బండి గుంటలో పడ్డప్పుడు కమాను పైకీ కిందికీ ఊగుతుంది కదా, ఆ ఊపును అవి పట్టి ఆపుతాయి. ఈ రెండూ బాగుంటే బండిలో నిండు చెంబుతో నీళ్లు పట్టుకుని కూర్చోవచ్చు. చెడిపోతే లోపల పేగులు కూడా చోటు మారతాయి.

మనిషి పొట్టి. గోనె మీద వెల్లకిలా పడుకుని పడుకుని తల వెనక జుట్టంతా అరిగిపోయింది. ముందు నుంచి చూస్తే నల్లటి క్రాపు, వెనక నుంచి చూస్తే ముసలాడు. వాళ్ల ఆవిడ కృపమ్మ అనేది, "ఎదురుంగ ఒస్తే మొగడు, ఎనకకు తిరిగిపోతే మామ."

అతని పనిలో ఒక పద్ధతి ఉండేది. బండి ముందు భాగం సమం చేయాలంటే మిగతా మేస్త్రీలు ఖాళీ బండినే చదునైన చోట నిలబెట్టి, రెండు వైపులా ఎత్తు చూసి పంపేస్తారు. మత్తయి ఒప్పుకునేవాడు కాదు. రోజూ ఏ బరువు మోస్తుందో ఆ బరువు వేసుకుని రమ్మనేవాడు.

"ఖాళీ బండి అబద్ధం చెప్తదక్కా," అన్నాడు నాతో ఒకసారి. "పెళ్లిచూపులకు ఒచ్చిన పిల్లగాడు గుంజకు కట్టినట్టు కూసుంటడు గద, గట్ల. సంసారం మీద పడ్డంక గాని యాడ వంగుతడో తెల్వది."

"నువ్వెట్ల కూసున్నవు మరి?"

"నేను కూసోలే. గా ఇంటి ముంగట ఎడ్లబండి ఇరుసు ఇరిగింది. గది చూస్కుంట నిలవడ్డ."

కొలతకు అతని దగ్గర టేపు లేదు. ప్రతి బండికీ ఒక వెదురు పుల్ల. చక్రం నడిమి నుంచి పై రేకు అంచు దాకా పుల్ల నిలబెట్టి కత్తితో గాటు పెట్టేవాడు. ఎడమకొకటి, కుడికొకటి. ఎటు తక్కువైతే అటు కమాను కింద ఇనుప బిళ్ల వేసి లేపేవాడు. అయ్యాక బండిని నాలుగుసార్లు ఊపి, రెండోసారి మళ్లీ గాట్లు. ఆ రెండు గాట్లు ఒకే ఎత్తున పడితేనే బండి షెడ్డు దాటేది. ఆ పుల్లలన్నీ రేకుల కింద వరసగా దోపి ఉండేవి. నాలుగేసి గాట్ల పుల్లలు.

బరువు తేలేనివాళ్లు వస్తే మమ్మల్ని ఎక్కించేవాడు. చాయ్ తాగేవాళ్లు, బస్సు కోసం చూసేవాళ్లు, ఎవరైనా సరే. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఒళ్లు చూసి చెప్పేవాడు. ఒక్కటే షరతు, దిగమనేదాకా ఎవరూ దిగకూడదు. మాకు అదొక కాలక్షేపం. ఎక్కడికీ పోని బండిలో కూర్చుని ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్లం.

ఇక పట్టాభి సంగతి. తెనాలి వైపు మనిషి. మా వెనక గల్లీలో ఇల్లు కిరాయికి తీసుకుని గోళీ సోడాలు తయారు చేసేవాడు. జీపు మూతి ఉన్న పాత పికప్పు వ్యాను ఒకటి కొని, సోడా డబ్బాలు వేసుకుని అబ్దుల్లాపూర్‌మెట్ దాకా దారిలో ఉన్న దుకాణాలన్నిటికీ దించి వచ్చేవాడు. డబ్బాలు ఎక్కించి దించేవాడు అంతయ్య. అంతయ్యది మత్తయి ఊరే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి గొర్రెలు కాశారు.

అరవైతొమ్మిది ఎండాకాలంలో పట్టాభి ఆ వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ముక్కు వేలాడేసుకుని నడుస్తోంది మత్తయీ. చింతలకుంట దాటేసరికి పది సీసాలన్నా పగులుతున్నాయి. వెనక కూర్చున్న అంతయ్య సోడాతో స్నానం చేస్తున్నాడు."

"మంచిగనే ఉన్నది సార్," అన్నాడు అంతయ్య. "జర సబ్బు గూడ ఇప్పియ్యరాదు."

మత్తయి కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. "ముంగటి షాకబ్సర్లు రెండు సచ్చినయి సార్. నూనె చుక్క లేదు. ఎడమ కమానుల ఒక పట్టీ ఇరిగింది. రెండు దిక్కుల కొత్త పట్టీ ఏసి, షాకబ్సర్లు మార్చి, లెవలు చేస్త. గురువారం డబ్బాలు నింపుకొని తేండ్రి."

అవి ఎలాంటి రోజులో గుర్తుండే ఉంటుంది. జై తెలంగాణ ఊరేగింపులు, బందులు, కర్ఫ్యూ. ఆఫీసులు సమ్మెలో ఉన్నాయి. ఎప్పుడు దుకాణం తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలియదు. గురువారం మళ్లీ బందన్నారు. బందు రోజు పని చేయడమే తప్పు, అందులోనూ ఆంధ్రావాళ్ల బండి. అయినా మత్తయి మాట ఇచ్చానని సగం తలుపు మూసి పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కొత్త పట్టీలు, కొత్త షాకబ్సర్లు బిగించేశాడు. ఇక మిగిలింది లెవలే.

"డబ్బాలేవి సార్?"

"నలభై డబ్బాల సీసాలు వేసుకుని ఈ రోడ్డు మీద నిలబడమంటావా?" అన్నాడు పట్టాభి. "ఊరేగింపు వస్తే తలా ఒక సీసా పట్టుకుంటారు. ఎవరి తల పగిలినా పోలీసులు వచ్చి ఆ సీసాలు ఎవరివని నన్నే అడుగుతారు."

అదీ నిజమే. మత్తయి చుట్టూ చూశాడు. బందు కదా, మనుషులకేం కరువు. మా బెంచీల మీద ఉన్నవాళ్లందరినీ పిలిచాడు.

గంగాధరరావు అని సెక్రటేరియట్ గుమాస్తా ఉండేవాడు, మా హోటలు వెనకే ఇల్లు. సమ్మెలో ఉన్నాడు. "గవర్నమెంటు పని బందు పెట్టిన గని, ఉత్తగ కూసునుడు బందు పెట్టలే," అంటూ వెళ్లి ముందు సీట్లో పట్టాభి పక్కన, ఎడమ వైపు కూర్చున్నాడు. వెనక కుడి వైపు అంతయ్య, ఇద్దరు హమాలీలు. ఎడమ వైపు సైకిల్ షాపు యెహెజ్కేలు.

"అండాలక్కా, నువ్వు ఎడమ దిక్కు ఎక్కు," అన్నాడు మత్తయి. "నువ్వుంటే గా దిక్కు ఇంకెవ్వరు అక్కరలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను ఇద్దరి కింద లెక్కేశాడని అప్పుడే తెలుసు నాకు.

"దిగమనేదాకా ఎవ్వరు దిగద్దు. దగ్గొచ్చినా మెల్లగ దగ్గుండ్రి," అని చెప్పి మత్తయి పుల్ల పట్టుకుని బండి కిందికి దూరాడు.

బండి ఎడమ పక్క రోడ్డు వైపు ఉంది, కుడి పక్క షెడ్డు గోడ వైపు. అందుకే కుడి పక్కవాళ్లకు ఏమీ కనబడలేదు. మాకు కనబడింది. మలక్‌పేట వైపు నుంచి దుమ్ము, జెండాలు, నినాదాలు. ముందు వరసలో గంగాధరరావు ఆఫీసువాళ్లే ఉన్నారు. ఆంధ్రావాళ్ల వ్యానులో ముందు సీట్లో కూర్చున్న తనను వాళ్లు చూస్తే ఏమవుతుందో అతను ఊహించుకుని ఉంటాడు. చప్పుడు కాకుండా తలుపు తీసి దిగిపోయాడు. యెహెజ్కేలు సైకిల్ షాపు తలుపు మూసి రావాలని గొణుక్కుంటూ దూకేశాడు.

నేను కూడా దిగాను.

పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, పొంగిపోతాయని దిగాను. ఇదే మాట మా ఇంట్లో చెప్పాను, యెహెజ్కేలుతో చెప్పాను, రెండేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు పొయ్యి మీద పాలు లేవు. బందని పాలబ్బాయి రానేలేదు. పట్టాభి బండిలో నన్ను చూస్తే నా తడకలకు నిప్పు పెడతారేమో అని భయపడి దిగాను. బండి కింద ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఎక్కమంటాడు కదా. కుడి వైపున్న అంతయ్యవాళ్లు, మత్తయే మమ్మల్ని దిగమన్నాడనుకుని ఉంటారు.

తడక కన్నంలోంచి చూశాను. మత్తయి గబగబా బయటికి వచ్చాడు, కుడి కమాను కింద ఒక బిళ్ల వేసి బిగించాడు. నా బరువు లేక ఎడమ పక్క పైకి లేచింది కదా, కుడి పక్క తక్కువగా కనిపించింది. రెండోసారి కొలవలేదు.

"పోండ్రి సార్, ఎనక గల్లీ పట్టి పోండ్రి, జల్ది," అన్నాడు. బండి వెళ్లింది. తలుపు మూసేశాడు. ఊరేగింపు మా ముందు నుంచే పోయింది, మా వైపు ఎవరూ చూడనైనా లేదు. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

తర్వాత నాలుగు రోజులు కర్ఫ్యూ. పట్టాభి బండిని ఖాళీగా ఇంటి ముందే తిప్పి చూసుకున్నాడు. బాగుందన్నాడు. ఐదో రోజు నలభై డబ్బాలు వేసుకుని బయల్దేరారు. సాగర్ రోడ్డు చీలే చోటు ఉంది కదా, ఎల్బీ నగర్ అంటారు, అది దాటి పల్లంలో దిగుతుంటే బర్రె అడ్డం వచ్చింది. పట్టాభి బ్రేకు తొక్కాడు. బరువు మీద కుడి పక్క ఎత్తుగా, ఎడమ పక్క కిందికి ఉన్న బండి ఒక్కసారిగా ఎడమకు గుంజుకుని కాల్వలో పడింది. పట్టాభికి నుదుటి మీద బొప్పి కట్టింది, అంతే. వెనక ఉన్న అంతయ్య మీద డబ్బాలు పడ్డాయి. కుడి అరచేయి సీసా పెంకులతో తెగింది. దవాఖానలో కుట్లు వేశారు, చెయ్యి నిలిచింది. కానీ మూడు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

చూశారా, ఆంధ్రావాళ్ల మీద కోపంతో చేశాడన్న పని ఎవరి చేతిని తీసిందో. అంతయ్య చెయ్యి సంగతి ఎవరూ చెప్పరు. చెబితే కథ సరిగ్గా కుదరదు మరి.

బండిని కాల్వలోంచి లేపినవాళ్లు కిందికి చూసి, కుడి పక్కన మాత్రమే బిళ్ల ఉందన్నారు. అక్కడి నుంచి మొదలైంది పుకారు. మత్తయి ఆ రోజే సైకిల్ మీద అక్కడికి వెళ్లి, లేపి రోడ్డు పక్కన పెట్టిన బండి కింద దూరి చూసుకుని వచ్చాడు. సాయంత్రం మా హోటల్లో కుర్రాళ్లు అతని చుట్టూ చేరి, "శభాష్ అన్నా, మంచి పని చేసినవ్," అని చాయ్ ఇప్పించారు. ఆ గ్లాసు ముట్టుకోలేదు. చాయ్ మీద మీగడ కట్టేదాకా చూసి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పట్టాభి బంధువులు నలుగురు వచ్చి నిలదీశారు.

"కావాలనే చేశావా?"

"చేసింది నేనే," అన్నాడు.

అంతకు మించి ఒక్క మాట లేదు. వాళ్లు ఒప్పుకున్నాడనుకున్నారు. తడకకు ఇవతల నేను నిలబడి ఉన్నాను. అప్పుడైనా వెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు. కప్పులు కడుగుతూ ఉన్నాను. కడిగినవే మళ్లీ కడిగాను.

పట్టాభి మాత్రం కేసు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ వారమే మత్తయి షెడ్డుకు తాళం వేసి, పట్టాభి ఇంటికి వెళ్లి సోడా డబ్బాలు మోయడం మొదలుపెట్టాడు. అంతయ్య చెయ్యి పనికిరాదు కదా, ఆ పని తను చేస్తాడట, కూలి అంతయ్య ఇంటికి పోవాలట. ఇల్లు గడవడానికి కృపమ్మ రెండిళ్లలో వంటకు కుదిరింది. బండి బాగుచేయించడానికి పట్టాభి వేరే షెడ్డుకు తీసుకుపోయాడు. అదే బండిలో వెనక కూర్చుని, డబ్బాలు పట్టుకుని, అదే పల్లం దిగేవాడు మత్తయి. దారిలో ఏ బండి ముక్కు వేలాడుతూ కనిపించినా తల తిప్పుకునేవాడట.

ఒకరోజు కృపమ్మ చాయ్‌పత్తా కోసం వచ్చి నా పక్కన కూలబడింది.

"గుడిల బల్ల కాడికి పోతలేడక్కా."

నాకు అర్థం కాలేదు. వాళ్ల చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ వరసగా ముందుకు వెళ్లి రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకుంటారు. ఎవరి మీదైనా తప్పుంటే అది తీర్చుకుని మరీ వెళ్లాలి. మనసులో అలాంటిది పెట్టుకుని తీసుకోకూడదు.

"అందరు లేస్తరు. గీయన ఒక్కడే బెంచి మీద కూసుంటడు. ఏడాదిన్నరాయె. పాస్టరయ్యగారు అడిగితే, 'ఇంక కాలేదయ్యా' అంటడు. ఏం కాలేదో చెప్పడు. నాకన్న చెప్పొద్దానక్కా?"

చాయ్‌పత్తా పొట్లం కట్టి చేతిలో పెట్టి పంపించాను.

అయినా ఇంకో ఆరు నెలలు ఆగాను. నా గురించి నేనేం గొప్పగా చెప్పుకోను. డెబ్బైఒకటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం చాయ్ గ్లాసు పట్టుకుని పట్టాభి ఇంటి వెనకకు వెళ్లాను. మత్తయి ఒక్కడే ఖాళీ సీసాలు కడుగుతున్నాడు. గ్లాసు పక్కన పెట్టి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, సీసాలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను.

"ఏందక్కా, చక్కెర తక్కువైందని చెప్పనీకి ఇంత దూరం ఒచ్చినవా?"

"ఆ రోజు నేను దిగిన మత్తయీ. నువ్వు కింద ఉన్నప్పుడు. పుల్ల పెట్టకముందే దిగిన."

అతను సీసా లోపల పుల్లకు కట్టిన పీచు తిప్పుతూనే ఉన్నాడు.

"తెలుసక్కా."

"ఎట్ల తెలుసు?"

"కిందున్నోనికి ఏం కనవడ్తయి. కాళ్లే కనవడ్తయి. ముందుగాల బూట్లు దిగినయి, గంగాధరరావు సారువి. ఎనక టైరు చెప్పులు, యెహెజ్కేలువి. ఆఖరికి నీ ఎండి కడాలు."

నా కాళ్ల కేసి చూసుకున్నాను. చీర కుచ్చిళ్లతో కడియాలు కప్పుకున్నాను, ఇప్పుడు కప్పుకుంటే ఏం లాభం.

"మరి ఎందుకు చెప్పలేదురా? అందరు నిన్ను అన్ని మాటలంటుంటే, గా ముగ్గురు దిగిండ్రని ఒక్క మాట అనరాదా?"

"మీరు దిగుడు చూసిన. చూసి గూడ కొలత పెట్టిన." సీసా పక్కన పెట్టాడు. "ఎక్కుండ్రి అని అరుస్తే ఎక్కుతుండిరి. ఇంకో ఐదు నిమిషాలు పడుతుండె. గా ఐదు నిమిషాలు పట్టాభిసారు బండి నా షెడ్డు ముంగట ఉండద్దనుకున్న. ఊరేగింపోల్లు చూస్తరని. అందాజ మీద ఒక బిళ్ల ఏసిన, పంపిచ్చిన. మీరు భయపడి దిగిండ్రు, మీ భయం మీ ఎంబడి నడిచి పోయింది. నాది బండి మీద పోయింది. అంతయ్య చేతుల తేలింది."

"నేను పాల కోసం..." అని నోటి దాకా వచ్చింది. రెండేళ్ల అలవాటు. మింగేశాను.

"నేను గూడ భయపడే దిగిన," అన్నాను.

"ఎరికే. ఉరికిన తీరు చూస్తే తెల్వదా?" అని చాయ్ తీసుకున్నాడు. "నిజంగనే చక్కెర తక్కువైందక్కా."

ఇంటి లోపల నుంచి పట్టాభి దగ్గు వినిపించింది. తలుపు అవతలే నిలబడి విన్నట్టున్నాడు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నేనూ చూశానండీ అండాలమ్మ గారూ," అన్నాడు. "గంగాధరరావు నా పక్కనే కదా కూర్చున్నది. తలుపు తీసుకుని దిగిపోతుంటే నోరు తెరిచి ఏమయ్యా అనలేకపోయాను. స్టీరింగు కింద తల దాచుకుని ఉన్నాను. ఇంకెప్పుడు పంపిస్తాడా అని మత్తయినే తిట్టుకుంటున్నాను లోపల. ఇక కేసేం పెడతాను, ఎవరి మీద పెడతాను."

పట్టాభి మత్తయి వైపు తిరిగాడు. "షాకబ్సర్లు మళ్లీ పోయాయి. ఆ షెడ్డువాడు బండిని ఖాళీగా చూసి సమం చేశాడు. సీసాలు పగులుతూనే ఉన్నాయి. నా సరుకు మోస్తావు గానీ నా బండి ముట్టుకోవా మత్తయీ?"

"వద్దు సార్. ఇంకో మనిషిని చూస్కోండ్రి."

"ఇంకో మనిషి పుల్ల పెట్టడయ్యా."

మత్తయి ఇంకో సీసా అందుకుని కడగసాగాడు. అప్పటికి నేను వచ్చేశాను. కానీ ఊరుకోలేదు. అంతయ్య దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, తిట్టాక చెయ్యి చూసుకుని కాసేపు ఆలోచించాడు.

"ఐతారం గుడి అయినంక బండి షెడ్డు కాడికి తెమ్మను సారును. మత్తయిని నేను తోల్కొస్త. నా మాట తీసెయ్యడు."

ఆదివారం మధ్యాహ్నం బండి వచ్చింది, నలభై డబ్బాలూ నింపుకుని. అంతయ్య మత్తయిని ముంజేయి పట్టుకుని తెచ్చాడు. కొత్త షాకబ్సర్లు బిగించడం గంటలో అయిపోయింది. చేతులు మరిచిపోలేదు. లెవలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అప్పుడు అంతయ్య ఒక్కో డబ్బా దించడం మొదలుపెట్టాడు, మంచి చేత్తో.

"డబ్బాలెందుకు దించుతున్నవురా? బరువు మంచిగున్నది గద."

"డబ్బాలు దిగి పోవన్నా," అన్నాడు అంతయ్య. "గీళ్లు దిగుతరా లేదా, గది చూడాలె నాకు."

నేను ఎక్కాను, ఎడమ వైపే. యెహెజ్కేలు వచ్చాడు, తల దించుకుని నా పక్కన కూర్చున్నాడు. గంగాధరరావుకు కబురు పంపితే ఆఫీసు పనుందని చెప్పించాడు. ఆదివారం ఏ ఆఫీసో. అతని సీట్లో అంతయ్యే కూర్చున్నాడు. కుడి వైపు ఎవరో ఇద్దరు బస్సు కోసం నిలబడ్డవాళ్లను పిలిచాం. పట్టాభి స్టీరింగు ముందు కూర్చున్నాడు, ఈసారి తల పైకే ఉంది.

మత్తయి షెడ్డులోకి వెళ్లి రేకుల కింద నుంచి పాత పుల్ల తీసుకొచ్చాడు. వరసలో అదొక్కదానికే రెండు గాట్లు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విరిచేసి, కొత్త పుల్ల చెక్కుకున్నాడు. కింద దూరాడు.

సగం పనిలో ఉండగా మాడు వాసన వచ్చింది. ఈసారి నిజంగానే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. రెండు శేర్ల పాలు.

"అక్కా, పాలు మాడుతున్నయి," అన్నాడు బండి కింద నుంచి.

"మాడనీ."

"దిగుతవా?"

"నువ్వు దిగమను, దిగుత."

అనలేదు. గాట్లు పెట్టాడు, ఎడమ పక్కన సన్నటి బిళ్ల వేశాడు, మాతో సహా బండిని ఊపించాడు, రెండోసారి గాట్లు పెట్టాడు. పుల్లను ఎండకు పట్టి చాలాసేపు చూసుకున్నాడు. అంతయ్య దిగి ఆ పుల్ల అడిగి తీసుకుని, ముడుచుకోని వేళ్లతోనే ఆ గాట్లను తడిమి చూశాడు. మత్తయి చేతికి తిరిగిచ్చాడు.

"దిగుండ్రి," అన్నాడు మత్తయి అప్పుడు.

మా గిన్నె అడుగు ఇంకా నల్లగానే ఉంది. తోమినా పోలేదు.

ఇంతటితో అంతా సర్దుకుందని చెబితే బాగుంటుంది. కానీ సోమవారం పొద్దున్నే మత్తయి మళ్లీ డబ్బాలు మోయడానికే వెళ్లాడు. అంతయ్య వద్దన్నా వినలేదు. షెడ్డు తాళం మాత్రం తీసి ఉంచుతున్నాడు. సాయంత్రాలు వచ్చి లోపల ఒక్కడే కూర్చుంటాడు. బండ్లు రావడం లేదు. కోపంతో బండి పాడు చేసేవాడని ఒకళ్లు రారు, రెండేళ్లుగా పనే ముట్టుకోలేదని ఇంకొకళ్లు రారు. బల్ల దగ్గరికి వెళ్లాడా అని కృపమ్మను అడిగాను. మొదటి ఆదివారం ఇంకా రాలేదుగా, చూడాలక్కా అంది.

ఇది చదివినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తే ఒకసారి ఆ రేకుల షెడ్డులోకి తొంగిచూసి రండి. సాయంత్రం అయిదు తర్వాత ఉంటాడు. ఎలా ఉన్నావని అడగండి, బాగున్నానంటాడు, ఆ మాట నమ్మి వచ్చేయకండి, కాసేపు కూర్చోండి. ఎవరిదైనా బండి అక్కడ ఉండి, బరువుకు మనుషులు కావాలని అతను మిమ్మల్ని ఎక్కమంటే ఎక్కండి. రోడ్డు మీద ఏం వచ్చినా సరే, అతను దిగమనేదాకా దిగకండి.